పక్కింటామెకు పడె... మాకు పడలే!

బడికి పోయే పిల్లల పేరిట తల్లికి రావలసిన డబ్బు కర్నూలు, కడప పల్లెల్లో ఎక్కడ ఆగుతోంది? ఎవరి లెక్క తప్పితే ఎవరు తిరుగుతున్నారు?

కోసిగి మండలంలో ఓ గ్రామ సచివాలయం. 2025 జూన్ మూడో వారం. పొద్దున పదిన్నరకే వరండా నిండిపోయింది. గోడకు అంటించిన జాబితాల మీద వేళ్ళు పైనుంచి కిందికి జారుతున్నాయి. ఏడో తరగతి పిల్ల ఒకతె తనవాళ్ళకే కాక, అడిగినవాళ్ళందరికీ పేర్లు వెతికిపెడుతోంది. పేరు దొరికినామె నవ్వుకుంటూ మెట్లు దిగిపోతోంది. దొరకనామె లోపలి బల్ల దగ్గర వరుసలో నిలబడుతోంది.

వరుసలో ముందున్న తల్లి చేతిలో బట్టల దుకాణం వాళ్ళిచ్చిన కవరు. అందులో రేషన్ కార్డు, నాలుగు ఆధార్ జిరాక్సులు, మూడు పాస్‌బుక్కులు. ఒకటి ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకుది. ఆ పేరుతో బ్యాంకు లేకుండా పోయి అప్పటికి నెలన్నర. రెండోది సిండికేట్ బ్యాంకుది. అది కెనరాలో కలిసి ఐదేళ్ళు. మూడోది, రూపాయి కట్టే పని లేదని చెప్పి తెరిపించిన జన్‌ధన్ ఖాతాది.

"సార్, మా పక్కింటామెకు పడె. నాకు పడలే. ఇద్దరు పిల్లోళ్ళు సార్ నాకు."

"వేలు పెట్టక్కా."

పెట్టింది. యంత్రం ఒప్పుకోలేదు. కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఊహూ. "ఇంకో వేలు పెట్టు." చూపుడు వేలు, నడిమి వేలు, బొటనవేలు. ఏటా గుంటూరు సీమకు పోయి మిరపకాయలు కోసే వేళ్ళవి, గీతలు అరిగిపోయాయి. చివరికి ఎడమచేతి ఉంగరపు వేలిని యంత్రం గుర్తుపట్టింది. డిజిటల్ అసిస్టెంట్ కుర్రాడు తెర చూసి, "నీకు పడిందక్కా. 26 వేలు పడినట్టే చూపిస్తాంది. కాకపోతే వేరే బ్యాంకులో పడింది" అన్నాడు.

"యా బ్యాంకప్పా? నాకుండేటివి ఇవే కదా!"

కవరులోని మూడింట్లో ఏదీ కాదు. ఎప్పుడో డ్వాక్రా సంఘం అప్పు కోసం ఇంకోచోట తెరిపించిన నాలుగో ఖాతా అది. దాని పుస్తకం ఎవరి దగ్గరుందో ఆమెకు గుర్తులేదు.

పేరు మారింది, వరుస మారలేదు

కూటమి ప్రభుత్వానికి ఏడాది నిండిన రోజు, 2025 జూన్ 12న, 'తల్లికి వందనం' డబ్బు విడుదలైంది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే 67.27 లక్షల మంది పిల్లలకు వర్తిస్తుందని ప్రకటించారు. ఒక్కో బిడ్డకు 15,000. అందులో 13,000 తల్లి ఖాతాకు, మిగిలిన 2,000 బడి నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు. ఆ ఏడు కొత్తగా ఒకటో తరగతిలో, ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరిన పిల్లల తల్లులకు జులైలో రెండో విడతగా వేశారు.

దీని వెనకటి రూపం 'అమ్మ ఒడి'. 2020 జనవరి 9న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి చిత్తూరులో మొదలుపెట్టారు. తల్లికి ఎందరు పిల్లలున్నా ఒక్కరికే వర్తించేది. మొదటి ఏడు నిండుగా 15,000 ఇచ్చారు. తర్వాత మరుగుదొడ్ల పేరిట వెయ్యి, ఆపైన బడి నిర్వహణ పేరిట ఇంకో వెయ్యి తగ్గించి 13,000కు తెచ్చారు. చివరి విడతకు 2023 జూన్ 28న కురుపాంలో బటన్ నొక్కారు. 2024 ఎన్నికల్లో కూటమి 'ఎందరు పిల్లలుంటే అందరికీ' అంది. గెలిచింది. ఆ ఏడు డబ్బు పడలేదు, మరుసటి జూన్‌లో పడింది. మధ్యలో పోయిన ఏడాది ఎవరి ఖాతాలో రాయాలన్నది రెండు పార్టీలకూ ఎడతెగని తగాదా. ఆ తగాదా ఎటు తేలినా ఆ ఏడాది డబ్బు మాత్రం తల్లికి రాలేదు.

ఇద్దరు పిల్లలుంటే 26,000, ముగ్గురుంటే 39,000. వాన మీద బతికే ఇంట్లో ఒక్కసారిగా చేతికొచ్చే అంత డబ్బు వేరే లేదు. కొందరికి అది వడ్డీకి తెచ్చిన విత్తనాల అప్పు, కొందరికి ఆదోనిలో ప్రైవేటు బడి ఫీజు, కొందరికి బిడ్డ చెవికమ్మల విడుదల. "పిల్లల డబ్బు పెద్దోళ్ళు తింటారు" అని పట్నంలో తేలిగ్గా అనేస్తారు. జూన్‌లో మెట్ట రైతు ఇంట్లో పిల్లల డబ్బు, పెద్దల డబ్బు అని రెండు డబ్బాలుండవని వాళ్ళకెవరు చెప్పాలి?

లింకు వేరు, మ్యాపింగ్ వేరు

డబ్బు తప్పిపోయే మొదటి మలుపు బ్యాంకు దగ్గరే. ప్రభుత్వం ఈ డబ్బును ఖాతా నంబరు చూసి వేయదు, ఆధార్ నంబరు చూసి వేస్తుంది. ఆ ఆధార్‌కు ఏ బ్యాంకు జతపడి ఉందో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, అంటే అందరూ ఎన్‌పీసీఐ అనేది, ఒక పట్టిక పెట్టుకుంటుంది. నాలుగు బ్యాంకుల్లో ఆధార్ జిరాక్స్ ఇచ్చినా పట్టికలో ఉండేది ఒక్క బ్యాంకే. మామూలుగా అన్నిటికంటే చివర సమ్మతి పత్రం మీద సంతకమో వేలిముద్రో వేసింది ఏ బ్యాంకులోనైతే, అదే. చివరిసారి రాయించిన చిరునామాకే ఉత్తరం పోయినట్టు.

"ఆధార్ లింక్ అయింది" అని బ్యాంకు కౌంటర్లో చెప్పిన మాట అబద్ధం కాదు. ఖాతాలో ఆధార్ నంబరు నమోదయిందని దాని అర్థం. పథకాల డబ్బు అందులోకే వస్తుందని కాదు. ఈ రెంటికీ తేడా తెలియకనే సగం మంది తల్లులు బ్యాంకు నుంచి సచివాలయానికి, సచివాలయం నుంచి బ్యాంకుకు తిరుగుతున్నారు. తెలిసిన గుమాస్తా కూడా తెలియనామెకు ఎందుకు విడమరిచి చెప్పడో!

ఈ పట్టిక ఎంత సులువుగా మారిపోతుందో దేశానికి 2017లోనే తెలిసింది. సిమ్ కార్డుకు ఆధార్ జతచేయడానికి వెళ్ళిన లక్షలాది మందికి తెలియకుండానే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరుచుకున్నాయి. వాళ్ళ గ్యాస్ సబ్సిడీ అటు వెళ్ళిపోయింది. ఆ డిసెంబరులో ఆధార్ సంస్థ ఎయిర్‌టెల్ ఈకేవైసీ అనుమతిని కొంతకాలం నిలిపేసింది.

మన సీమలో దీనికి బ్యాంకుల విలీనాలు తోడయ్యాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. కడప కేంద్రంగా నడిచిన ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న రాష్ట్రంలోని మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకయింది. ఊరి మొగదల ఉండే బ్రాంచి అదే, లోపలి మేనేజరూ అతనే, బోర్డు మీద పేరు మాత్రం కొత్తది. నలభై ఐదు రోజులు తిరక్కుండానే లక్షల ఖాతాల్లోకి తల్లుల డబ్బు రావలసి వచ్చింది.

> జూన్ దాకా ఆగొద్దు
>
> మీ ఆధార్‌కు ఏ బ్యాంకు జతపడి ఉందో ఆధార్ వెబ్‌సైట్లో ఓటీపీతో చూసుకోవచ్చు. ఆధార్‌కు ఫోన్ నంబరు లేకపోతే సచివాలయంలో వేలిముద్రతో అడగొచ్చు.
>
> బ్యాంకుకు వెళితే "ఆధార్ లింక్ చేయండి" అనకండి. "పథకాల డబ్బు ఈ ఖాతాకే వచ్చేలా ఎన్‌పీసీఐ మ్యాపింగ్ చేయండి" అని అడిగి, సమ్మతి పత్రం ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి.
>
> ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర' నంబరు 95523 00009. పథకం స్థితి అందులో కనిపిస్తుంది.
>
> రెండేళ్ళపాటు మీరు ఏ లావాదేవీ చేయని ఖాతాను బ్యాంకు స్తంభింపజేస్తుంది. ఆధార్, ఫొటోతో వెళితే మళ్ళీ తెరుస్తారు. దీనికి రుసుము లేదు.

సుగ్గికి పోయిన హాజరు

బ్యాంకు చిక్కు ఓపిక ఉంటే విడిపోతుంది. ఓపికతో విడిపోని చిక్కు ఇంకొకటుంది. పథకం నిబంధనల్లో 75 శాతం హాజరు.

కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం, హొళగుంద, ఆలూరు... కర్నూలు జిల్లా పడమటి మండలాలు ఇవి. పక్కనే తుంగభద్ర పారుతున్నా పొలాలకు వానే దిక్కు. పత్తో వేరుశనగో చేతికొచ్చి, వచ్చింది అప్పులకు చాలక, దీపావళి దాటాక ఊళ్ళు కదులుతాయి. దీన్నే ఇక్కడ సుగ్గి అంటారు. గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు, తెలంగాణకు, కర్ణాటకకు పత్తి తీతకు. బియ్యం మూటలు, సట్లు, దుప్పట్లు, కోళ్ళ గంప, పిల్లలు అన్నీ ఒకే లారీలో ఎక్కుతాయి. ఇంటి తలుపుకు తాళం, గుమ్మానికి ముళ్ళకంప. ముసలివాళ్ళు నడవగలిగితే వాళ్ళూ లారీలోనే. తిరిగి ఊరు చేరేది ఉగాదికి.

ఇప్పుడు లెక్క వేద్దాం. బడి ఏడాదికి సుమారు 220 రోజులు. అందులో 25 శాతమంటే 55 రోజులు. అంతకు మించి బడికి రాని పిల్లకు డబ్బు లేదు. సుగ్గికి వెళ్ళిన పిల్ల మూడు నెలలకే ఆ గీత దాటేస్తుంది. అంటే తల్లిదండ్రులు కూలికి పోక తప్పని ఇల్లు ఏదో, డబ్బు రాని ఇల్లు కూడా సరిగ్గా అదే. ఊళ్ళో కాస్త నీటి వసతి ఉండి, కదలకుండా కూర్చోగలిగినవాళ్ళ పిల్లలకు హాజరు నిండుగా ఉంటుంది, డబ్బూ నిండుగా వస్తుంది.

హాజరు షరతు ఊరికే పెట్టింది కాదు. బిడ్డను బడిలో ఉంచితేనే డబ్బు అంటే తల్లి బిడ్డను బడిలో ఉంచుతుందన్నది దాని వెనకున్న ఆలోచన. 2003లో బ్రెజిల్ 'బోల్సా ఫమీలియా' పేరుతో ఇలాగే పిల్లల హాజరుకు డబ్బు ముడిపెట్టింది, పేరూ తెచ్చుకుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 2011 జనగణనలో 60 శాతం లోపే. ఈ పడమటి మండలాలు అందులోనూ అట్టడుగు. బడికి రమ్మని గట్టిగా లాగవలసిన చోటే ఇది, కాదనను. కానీ లాగే తాడుకు రెండో కొస కూడా ఉండాలి. ఆ రెండో కొస పేరు సీజనల్ హాస్టల్. వలసపోయే ఇళ్ళ పిల్లలను ఊళ్ళోనే ఉంచి అన్నం పెట్టి చదివించేందుకు సమగ్ర శిక్ష కింద వీటిని నడుపుతారు. హాస్టల్ తలుపు లారీ కదలకముందు తెరిస్తే పిల్ల ఊళ్ళో ఉంటుంది. కదిలాక తెరిస్తే లోపల చాపలు మాత్రం ఉంటాయి. తల్లి నవంబరు మొదటి వారంలో నిర్ణయం తీసుకుంటుంది. ప్రభుత్వ బడ్జెట్ కాగితం ఆ వారం లోపల ఎక్కడుందన్నదే ప్రశ్న.

ఇంకో సంగతి. పదేళ్ళు దాటిన ఆడపిల్ల సుగ్గికి వెళితే మిరప కోస్తుంది, లేదా చెట్టు కింద ఉయ్యాల్లో తమ్ముణ్ణి చూసుకుంటుంది. ఆమె కోసిన కాయలు తల్లి కూలిలో కలిసిపోతాయి. ఆమె పోగొట్టుకున్న 13,000 ఎవరి లెక్కలోనూ కనిపించదు.

అమ్మ కువైట్‌లో, అవ్వ వరుసలో

కడప వైపు కథ ఇంకో తీరు. రాజంపేట, పుల్లంపేట, చిట్వేలి, రాయచోటి ప్రాంతాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి వెతకాలి. మగవాళ్ళు డ్రైవర్లుగా వెళితే, ఆడవాళ్ళు అరబ్బుల ఇళ్ళలో పనికి పోతారు. పదో తరగతి దాటని ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. వయసులో ఉన్నవాళ్ళు మోసపోకుండా పెట్టిన రక్షణ అది. దానివల్ల సక్రమంగా వెళ్ళేవాళ్ళంతా 30 దాటినవాళ్ళే అవుతారు. అంటే ఇంటి దగ్గర బడికి పోయే పిల్లలున్న తల్లులు.

పథకం తల్లి పేరు మీద. తల్లి ఖాతా, తల్లి ఆధార్, తల్లి వేలిముద్ర. ఆ వేలు కువైట్‌లో పాత్రలు కడుగుతోంది. ఖాతాకు ఇచ్చిన సిమ్ రీఛార్జి లేక ఎప్పుడో వేరేవాళ్ళకు పోయింది, ఓటీపీ వాళ్ళకు వెళుతుంది. బిడ్డను సాకుతున్న అవ్వ సచివాలయానికి వస్తే, "నీ పేరు మీద కుదరదవ్వా, కూతురు రావాల" అంటారు. కూతురు రావాలంటే రెండేళ్ళ ఒప్పందం పూర్తి కావాలి. తల్లి చనిపోతే తండ్రి ఖాతాకో సంరక్షకుల ఖాతాకో వేసే వీలు పథకంలో ఉంది. తల్లి బతికుండి దూరాన ఉంటే ఏం చేయాలో అవ్వకు చెప్పే మనిషి బల్ల అవతల లేడు.

బ్యాంకు వాళ్ళు మ్యాపింగ్‌కు తల్లి సంతకమున్న పత్రం అడుగుతారు. అందుకే గల్ఫ్ విమానం ఎక్కేముందు వీసా, టికెట్, మెడికల్‌తో పాటు చేయవలసిన పనులు రెండున్నాయి. ఇంట్లో వాడే ఫోన్ నంబరును ఆధార్‌కు ఎక్కించడం, మ్యాపింగ్ సరిచూసుకోవడం. ఏజెంట్లు ఈ మాట చెప్పరు. వాళ్ళకిందులో కమీషన్ లేదు.

పదెకరాల పేదవాళ్ళు

మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, రెండూ కలిపి పదెకరాలు. ఈ హద్దు దాటిన కుటుంబానికి పథకం లేదు. పల్లెలో నెల ఆదాయం 10,000, పట్నంలో 12,000 మించకూడదు. నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు దాటకూడదు. కారు ఉండకూడదు. ట్యాక్సీకి, ఆటోకు, ట్రాక్టరుకు మినహాయింపు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు గానీ ఉండకూడదు.

కాగితం మీద ఇదంతా సబబుగానే ఉంది. జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో పన్నెండెకరాలు ఉన్న తాత పేరు మీద పాస్‌బుక్ ఉంటే? ముగ్గురు కొడుకులు తలా నాలుగెకరాలు సాగు చేసుకుంటున్నారు, వాన తప్పితే ముగ్గురికీ శనగ విత్తనాల ఖర్చు కూడా రాదు. పంపకం మాటలతో అయింది, రిజిస్ట్రేషన్ కాలేదు. ఎవరు ఏ ఇంటివాళ్ళో సచివాలయం రాసుకునే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో అందరూ ఒకే ఇల్లు. ముగ్గురు కోడళ్ళూ అనర్హులు. మూడెకరాల డెల్టా మాగాణికి పదెకరాల సీమ మెట్టను సమానం చేసినవాళ్ళు వానలు సమంగా పడతాయనుకున్నారో ఏమో.

మిగతా కేసులూ ఇలాంటివే. అమ్మేసిన కారు పేరు మార్చకపోవడం వల్ల ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంటుంది. పెళ్ళయి వేరే ఊరికి వెళ్ళిన ఆడబిడ్డకు ఉద్యోగం వస్తే, మ్యాపింగ్‌లో ఇంకా పుట్టింట్లోనే ఉంది కాబట్టి వదినకు డబ్బు ఆగుతుంది. అద్దెకిచ్చిన అంగడి మీటరు ఇంటి మీటరుతో కలిసిపోతుంది. వీటన్నిటికీ సచివాలయంలో అర్జీ ఉంది. కుటుంబ విభజనకు వివాహ ధ్రువపత్రం, కరెంటుకు విద్యుత్ శాఖ కాగితం, కారుకు రవాణా శాఖ కాగితం తేవాలి. ఏ శాఖ రికార్డు తప్పయితే ఆ శాఖే దిద్దుకోవాలి గదా! ఇక్కడ దిద్దించే కూలి తల్లిది. ఆరోజు చేను కూలి పోగొట్టుకుని మరీ.

ఎస్సీ పిల్లల తల్లులది వేరే తికమక. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా వాళ్ళ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా ఉంది, అది నేరుగా, విడిగా వస్తుంది. అందువల్ల రాష్ట్రం వేసింది 13,000 కంటే తక్కువ. పక్కింట్లో పూర్తి డబ్బు, తమ ఇంట్లో కోత. "మాకెందుకు తక్కువ?" అన్న ప్రశ్నకు 2025 జూన్‌లో చాలాచోట్ల జవాబు దొరకలేదు. మిగతాది ఇంకో దారిలో వస్తుందని ముందే ఒక చీటీ ఇచ్చి ఉంటే సరిపోయేది.

> అమెరికాలో అడగనివాళ్ళ డబ్బు
>
> అక్కడ పిల్లల సాయం పన్ను లెక్కలో వస్తుంది. 2021లో కోవిడ్ వేళ ఈ 'చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్'ను ఆరేళ్ళ లోపు బిడ్డకు 3,600 డాలర్లకు, 17 ఏళ్ళ దాకా 3,000 డాలర్లకు పెంచారు. సగం నెలనెలా ఇచ్చారు, మిగతా సగం రిటర్ను వేసి అడగాలి. ఆదాయం లేనివాళ్ళకూ హక్కుంది, కానీ రిటర్ను వేసే అలవాటు లేక చాలామంది అడగలేదు. అడగడానికి మూడేళ్ళ గడువు. 2021 డబ్బుకు అది 2025 ఏప్రిల్ 15తో ముగిసింది. ఆ తర్వాత అది ఖజానాదే.
>
> అక్కడి మన తెలుగువాళ్ళకు ఇంకో మెలిక. బిడ్డకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉంటేనే ఈ క్రెడిట్. అక్కడ పుట్టిన తమ్ముడికి వస్తుంది, ఇక్కడ పుట్టి హెచ్4 వీసా మీద వెళ్ళిన అక్కకు రాదు. ఆమెకు 500 డాలర్ల వేరే చిన్న క్రెడిట్‌తో సరి.

> జీతగాళ్ళకు
>
> పథకం వర్తించని ఉద్యోగులకు పిల్లల ట్యూషన్ ఫీజు మీద పన్ను మినహాయింపు ఉంది. ఇద్దరు పిల్లల వరకు, పాత పన్ను విధానంలోనే, ఏడాదికి లక్షన్నర హద్దులో. గడువులో రిటర్ను వేయక రిఫండ్ పోగొట్టుకున్నవాళ్ళు ఆలస్యానికి కారణం రాసి మన్నింపు కోరవచ్చు. 2024 అక్టోబరు 1న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం దీనికి అసెస్‌మెంట్ ఇయర్ ముగిసినప్పటి నుంచి ఐదేళ్ళ గడువు. కోటి రూపాయల లోపు అర్జీలను కమిషనర్ స్థాయిలోనే తేలుస్తారు.

కడుపులో ఉన్నప్పటి బాకీ

బడి దాకా పోనక్కర్లేదు. తొలి కాన్పుకు కేంద్రం 'మాతృ వందన యోజన' కింద 5,000 ఇస్తుంది. గర్భం నమోదై పరీక్ష అయ్యాక 3,000, పుట్టిన బిడ్డ నమోదై మొదటి విడత టీకాలు పడ్డాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000. కాన్పయిన 270 రోజుల్లోగా అర్జీ పెట్టకపోతే ఇది పోయినట్టే. కాన్పుకు పుట్టింటికి వచ్చి, అత్తగారింటి చిరునామాతో ఆధార్ ఉన్న కోడలు ఏ అంగన్‌వాడీలో నమోదు కావాలో తేల్చుకునేలోపు సగం గడువు గడిచిపోతుంది.

రాతమూలకంగా అడిగితే

2025లో జూన్ 20 వరకు అభ్యంతరాలు తీసుకుని నెలాఖరుకు తుది జాబితా అన్నారు. ఎనిమిది రోజులు. వలస నుంచి వచ్చినామెకు, కువైట్‌లో ఉన్నామెకు, పాస్‌బుక్ ఎక్కడుందో వెతుక్కునే ఆమెకు అదే గడువు. గడువు దాటాక మ్యాపింగ్ సరిచేసుకుంటే పాత ఏడాది డబ్బు వస్తుందా, వచ్చే ఏడాది నుంచేనా అని అడిగితే కౌంటర్‌కో మాట చెబుతారు. నోటిమాటగా చెప్పినదాన్ని పట్టుకుని ఎవరిని నిలదీస్తాం? తిరస్కరించిన ప్రతి తల్లికీ ఎందుకు తిరస్కరించారో, ఎవరి దగ్గర దిద్దించుకోవాలో, ఎప్పటిలోగానో తెలుగులో రాసి, సంతకం చేసిన కాగితం ఇవ్వాలి. రేషన్ కార్డు ముద్రించగలిగిన ప్రభుత్వానికి ఇదేం బరువు కాదు.

ఇవ్వనంత వరకు సమాచార హక్కు చట్టం ఉంది. 2005 నుంచీ ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో అడిగితే రుసుము లేదు. మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళు రుజువు జతచేస్తే ఎక్కడా కట్టక్కర్లేదు. జవాబుకు 30 రోజుల గడువు. తెల్లకాగితం మీద ఇంత రాస్తే చాలు: "నా బిడ్డలకు తల్లికి వందనం డబ్బు నా చేతికి అందలేదు. ఏ కారణంతో ఆపారు? వేసి ఉంటే ఏ తేదీన, ఏ బ్యాంకుకు వేశారు? దీన్ని సరిచేయవలసిన అధికారి హోదా ఏమిటి?" కింద సంతకమో వేలిముద్రో. ఇక్కడ ఏ వేలయినా పనికొస్తుంది.